చప్పిడి ముక్కా? చిక్కుల జుట్టా?

మే నెల, మధ్యాహ్నం రెండున్నర, విజయవాడ. కరెంటు పోయి అరగంటైంది. ఇన్వర్టరు మీద ఒక్క ఫ్యానే తిరుగుతోంది, ఇంటిల్లిపాదీ దాని కిందే చేరారు. కుక్కపిల్లని ఎంచుకోవడానికి ఇంతకు మించిన ముహూర్తం లేదు. ఏ కుక్క ఈ గదిలో, ఈ ఉక్కలో హాయిగా పడుకోగలదో ఆ పూటే తెలుస్తుంది. కానీ ఆ పూట ఎవరూ కుక్కపిల్లని కొనరు. డిసెంబరులో కొంటారు. అమ్మాయి పుట్టినరోజుకి కొంటారు. టెన్త్‌లో మంచి మార్కులొస్తే కొనిస్తామని నోరు జారి, వచ్చాక తప్పక కొంటారు. ఫోన్లో ఫొటో చూపించి "నాన్నా, దీని మొహం చూడు నాన్నా" అంటే కరిగిపోయి కొంటారు.

తర్వాత పదీ పన్నెండేళ్ల పాటు ఇంటిల్లిపాదీ చాకిరీ చేసేది ఆ మొహానికే.

అపార్టుమెంట్లలో చిన్న కుక్క కావాలనుకునే తెలుగు ఇళ్లలో చర్చ ఈ మధ్య రెండు పేర్ల దగ్గరికొచ్చి ఆగుతోంది. పగ్గా, షిట్జూనా? ఒక తరం కింద ఈ ప్రశ్నే లేదు. చిన్న కుక్కంటే తెల్ల పామెరేనియనే. బ్యాంకు ఉద్యోగి ఇంటి గేటుకి 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డు, లోపల మూరెడు కుక్క, వీధి చివరిదాకా వినపడే అరుపు. 2003లో హచ్ ఫోన్ల ప్రకటన వచ్చాక కథ మారింది. ఓ చిన్న పిల్లాడు, వాడెక్కడికి వెళితే అక్కడికి వెనకే నడిచే ముడతల మొహం కుక్క. కంపెనీ అమ్మాలనుకున్నది సిగ్నల్‌ని, జనం కొనాలనుకున్నది కుక్కని. ఆ కంపెనీ 2007లో వొడాఫోన్ అయింది, తర్వాత ఆ పేరూ మారింది. పగ్‌ని 'హచ్ కుక్క' అనడం మాత్రం ఇప్పటికీ పోలేదు.

షిట్జూ అలా ఒక్క ప్రకటనతో ఊరేగి రాలేదు. ఫ్లాట్లు పెరిగి, కుక్కలకి జుట్టు కత్తిరించే సెలూన్లు వెలిసి, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ మొదలయ్యాక నెమ్మదిగా లిఫ్టుల్లోకి చేరింది. ఇప్పుడు కొండాపూర్, మణికొండ వైపు సాయంత్రం ఏ గేటెడ్ కమ్యూనిటీలోకి వెళ్లినా నెత్తిన చిన్న పిలక, దానికో రబ్బరు బ్యాండు, కాళ్ల దగ్గర బొచ్చు ఊగుతూ ఒకటైనా ఎదురవుతుంది.

ఒకే కొలువు, వేరే దారులు

నిజానికి రెండూ ఒకే కొలువు కుక్కలు. షిట్జూ మూలాలు టిబెట్‌లో ఉన్నాయంటారు గానీ పెంచి పోషించింది చైనా రాజప్రాసాదమే. పగ్ సంగతీ అంతే. 1908లో చనిపోయిన సామ్రాజ్ఞి త్సీషీ దగ్గర ఈ రెండూ, వీటి జ్ఞాతి పెకినీసూ ఉండేవి. వీటిని వేటకోసం, కాపలాకోసం ఎవరూ తయారుచేయలేదు. ఒళ్లో కూర్చోవడమే వీటి ఉద్యోగం. "దొంగొస్తే అరుస్తుందా అండీ?" అని అడిగేవాళ్లకి జవాబు అదే. షిట్జూ అయితే దొంగకి తోక ఊపుతూ ఎదురెళుతుంది. పగ్ అతని జేబులో బిస్కెట్టుందేమో వాసన చూస్తుంది.

పగ్‌ని డచ్ వర్తకులు 16వ శతాబ్దంలోనే యూరప్ చేర్చారు. అక్కడి ఆరెంజ్ రాజవంశానికి అది ముద్దుబిడ్డయింది. ఆ వంశపు విలియం, అతని భార్య మేరీ 1689లో ఇంగ్లండు గద్దెనెక్కినప్పుడు పగ్‌లూ వాళ్లతో పాటు అంతఃపురంలో అడుగుపెట్టాయి. నెపోలియన్ భార్య జోసెఫిన్ పెంచుకున్న పగ్ పెళ్లిరాత్రి అతన్ని కరిచిందన్న కథ ఒకటుంది. తను పడుకునే పక్క మీద కొత్త పెళ్లికొడుక్కి చోటివ్వనంది మరి.

ఈ కబుర్లన్నిటి కంటే ముఖ్యమైంది ఓ బొమ్మ. ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో తన బొమ్మ తనే గీసుకుంటూ, పక్కన తన పెంపుడు పగ్‌ని కూడా చేర్చాడు. దాని పేరు ట్రంప్. లండన్‌లోని టేట్ గ్యాలరీ వాళ్ల దగ్గరుంది ఆ చిత్రం. ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. ఆ కుక్కకి మూతి ఉంది! ముందుకి పొడుచుకొచ్చిన, గాలి పీల్చుకోవడానికి వీలైన మూతి. ఇప్పటి పగ్‌ని దాని పక్కన నిలబెడితే ఎవరో మొహం మీద అరచెయ్యి పెట్టి లోపలికి నొక్కేసినట్టుంటుంది. ప్రకృతి చేసిన పని కాదది. గుండ్రటి మొహం, పెద్ద కళ్లు చూస్తే మనుషులకి పసిపిల్లలు గుర్తొస్తారు. కాబట్టి ప్రతి తరంలోనూ మూతి మరికాస్త పొట్టిగా ఉన్న పిల్లనే ఏరి, వాటితోనే పిల్లల్ని పుట్టించారు.

షిట్జూ చాలా ఆలస్యంగా బయటపడింది. 1930 ప్రాంతంలో కొన్ని ఇంగ్లండుకి, నార్వేకి చేరాయి. చైనాలో రాజులు పోయి, యుద్ధాలొచ్చి, విప్లవం వచ్చాక అక్కడ ఆ జాతి దాదాపు కనుమరుగైంది. ఇవాళ ప్రపంచంలో ఉన్న షిట్జూలన్నీ 14 కుక్కల సంతానమేనని జాతి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అందులో ఒకటి పెకినీస్. కొండాపూర్ లిఫ్టులో కనిపించేదీ, కాలిఫోర్నియాలో మనవాళ్ల సోఫా మీద పడుకునేదీ దూరపు దాయాదులేనన్న మాట. ఇంత ఇరుకైన వంశం కాబట్టి పుట్టుకతో వచ్చే లోపాల మీద ఓ కన్నేసి ఉంచాలి. మూత్రపిండాలు సరిగా ఎదగకపోవడం ఈ జాతిలో వైద్యులకి తెలిసిన సమస్యే.

ముద్దొచ్చే గురక

ఇప్పుడు ఆ కరెంటు పోయిన గదిలోకి వద్దాం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల దగ్గర కాస్త తడి అవుతుందంతే. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే అది రొప్పాలి. రొప్పినప్పుడు గాలి ముక్కులోని, నోట్లోని తడిపొరల మీదుగా వెళుతుంది, ఆ తడి ఆవిరవుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. మూతి ఎంత పొడవుంటే అంత మేర తడిపొర ఉంటుంది.

పగ్ పుర్రె ఎముకని తరతరాలుగా కుదించుకుంటూ వచ్చారు గానీ లోపలి మెత్తని భాగాలు ఆ లెక్కన కుంచించుకోలేదు. అంగిలి వెనక ఉండే మెత్తటి కండ పొడవు ఎక్కువై గొంతుకి అడ్డం పడుతుంది. ముక్కుపుటాలు రెండు సన్నటి గీతల్లా మూసుకుపోయి ఉంటాయి. లోపల గాలి తిరగాల్సిన చోటంతా ఇరుకిరుకు. అలాంటి కుక్కకి ఊపిరి తీసుకోవడమే కష్టమైన పని, ఆ కష్టానికి ఒంట్లో మళ్లీ వేడి పుడుతుంది. వేడి తగ్గించుకోవడానికి ఇంకా గట్టిగా రొప్పుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గొంతులోని మృదులాస్థి కూడా లోపలికి కుంగిపోవచ్చు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ మనం మురిసిపోతూ వినిపించే ఆ గురక, నిద్రలో కూడా గాలి కోసం అది పడే తంటా.

2022లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు బ్రిటన్‌లోని పగ్‌ల ఆరోగ్యాన్ని మిగతా కుక్కలతో పోల్చి చూశారు. ఏడాదిలో ఏదో ఒక జబ్బు పడే అవకాశం పగ్‌కి దాదాపు 1.9 రెట్లు. ఈ పొట్టి మూతి ఊపిరి జబ్బు వచ్చే అవకాశమైతే సుమారు 54 రెట్లు. ఆరోగ్యం విషయంలో పగ్‌ని ఇక మామూలు కుక్కగా లెక్కపెట్టలేమని వాళ్లు తేల్చారు. అవన్నీ ఇంగ్లండు చలిలో బతుకుతున్న పగ్‌లు. మన రామగుండం, రెంటచింతల ఎండలు వాటికి కలలో కూడా తెలియవు.

సముద్రం పక్కన ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. విశాఖలో, కాకినాడలో ఉష్ణోగ్రత 34 డిగ్రీలే చూపిస్తుంది. కానీ గాలి నిండా తేమ ఉంటే ఆవిరయ్యే దారి మూసుకుపోయి, కుక్క ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. ఆ లెక్కన హైదరాబాదు కొంత నయం, రాత్రికైనా గాలి ఆడుతుంది. కుక్క ఒంటి ఉష్ణోగ్రత మామూలుగా 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. నాలుక ముదురు ఎరుపుగానో నీలంగానో మారి, చొంగ చిక్కగా కారుతూ, నడకలో తూలిందంటే కారు తాళాల కోసం వెతకడం తర్వాతి పని. ముందు నీడకి చేర్చి, ఒళ్లంతా తడిసేలా కుళాయి నీళ్లు పోసి, ఫ్యాను కిందో గాలి వీచే చోటో ఉంచండి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేయొద్దు, అది వేడిని లోపలే బంధిస్తుంది. కాస్త చల్లబడ్డాక ఆసుపత్రికి బయల్దేరండి.

చిత్రమేమిటంటే, యూరప్‌కి పగ్‌ని అలవాటు చేసిన ఆ నెదర్లాండ్సే ఇప్పుడు దాని మీద గీత గీసింది. మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతు కూడా లేని కుక్కలతో పిల్లల్ని పుట్టించడానికి వీల్లేదని 2019 నుంచి అమలు చేస్తోంది.

షిట్జూ మూతి మాత్రం పొడవా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అదీ చప్పిడి ముక్కు జాతే, ఎండ దానికీ శత్రువే, మధ్యాహ్నం రోడ్డు మీద నడిపిస్తే దానికీ ముప్పే. కానీ సాధారణంగా దాని మొహం పగ్ అంత లోపలికి నొక్కుకుపోయి ఉండదు. ఊపిరి జబ్బు ఉన్నా అంత తరచుగా, అంత తీవ్రంగా కనిపించదు. బ్రిటన్‌లోనే ఐదు లక్షలకు పైగా కుక్కల రికార్డులతో 2024లో వచ్చిన మరో అధ్యయనంలో షిట్జూ ఆయుర్దాయం మధ్యస్థంగా 12.8 ఏళ్లు, పగ్‌ది 11.6 ఏళ్లు. అన్ని కుక్కలదీ కలిపితే 12.5. అంటే షిట్జూ సగటు గీత మీదే ఉంది, పగ్ ఏడాది కింద ఉంది.

దువ్వెన ఎవరి చేతిలో?

షిట్జూ తెచ్చుకున్నవాళ్ల కష్టాలు వేరే. దాని మొహం మీద వెంట్రుకలు ముక్కు దగ్గర మొదలై నాలుగు వైపులా విచ్చుకుంటాయి. చామంతి మొహం కుక్క అని దానికో ముద్దుపేరుంది. చూడ్డానికి ఎంత అందమో, కంటికి అంత గండం. కత్తిరించకపోయినా పిలక కట్టకపోయినా ఆ వెంట్రుకలు కళ్లలో గుచ్చుకుని పుండు పడుతుంది. కళ్ల కింద ఎర్రటి చార రోజూ తడిగుడ్డతో తుడవాల్సిందే.

ఒంటి మీది జుట్టు ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. రోజూ పావుగంట దువ్వాలి. పై పైన బ్రష్షు లాగితే పైన నున్నగా కనిపిస్తుంది, లోపల చర్మాన్ని అంటుకుని జడలు కడుతుంది. చెవుల వెనక, చంకల్లో, హార్నెస్ రాసుకునే చోట ముందు మొదలవుతుంది. స్టీలు దువ్వెన కుదుళ్ల దాకా దిగాలి. అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చిక్కు పడిందని ముందు స్నానం చేయిస్తారు. నీళ్లు తగిలితే ఆ చిక్కు బిగుసుకుంటుంది. ముందు దువ్వాలి, తర్వాతే నీళ్లు. స్నానం తర్వాత తువ్వాలుతో తుడిచి బాల్కనీలో వదిలేస్తే కుదరదు, డ్రయ్యరుతో లోపలిదాకా ఆరబెట్టాలి. ముఖ్యంగా వర్షాకాలంలో. లేకపోతే ఓ ముక్క వాసన, ఆ వెనకే దురద, ఫంగస్.

కొత్తవాళ్లకి ఎవరూ చెప్పని రహస్యం: పిల్లకి తొమ్మిది నెలల నుంచి ఏడాది మధ్య పసి జుట్టు పోయి పెద్ద జుట్టు వస్తుంది. నిన్నటిదాకా రెండు నిమిషాల్లో తెమిలే కుక్క ఒక్కసారిగా దువ్వెన పడనీయదు. చాలా ఇళ్లలో సరిగ్గా అప్పుడే విసుగు మొదలవుతుంది. పరిష్కారం సులువే, కత్తిరించేయడం. నెలకో, నెలన్నరకో ఒకసారి ఒళ్లంతా పొట్టిగా కత్తిరిస్తే దువ్వే పని సగానికి సగం తగ్గుతుంది. హైదరాబాదు సెలూన్లలో ఒక్కసారికి సుమారు 1,000 నుంచి 2,000 రూపాయల దాకా అవుతుంది. ఎండాకాలమని గుండు మాత్రం కొట్టించొద్దు, చర్మం కాలిపోతుంది. కనీసం ఓ అరంగుళం వదలమనండి. గోమార్లు, అదే పిడుదులు, ఆ జుట్టులో దాక్కుంటే కనిపించవు. నీరసపడి అన్నం మానేసేదాకా టిక్ ఫీవర్ వచ్చిన సంగతి తెలియదు. పొట్టి జుట్టుకి అదొక అదనపు లాభం.

ఇక్కడో తమాషా ఉంది. 'ఈ బొచ్చు గొడవ మనకొద్దు, పొట్టి జుట్టుది తెచ్చుకుందాం' అని పగ్ వైపు వెళ్లినవాళ్లే బొచ్చు ఎక్కువ ఏరుకుంటారు. పగ్ జుట్టు పొట్టిదే గానీ రెండు పొరలు, ఏడాది పొడవునా రాలుతూనే ఉంటుంది. నల్ల ప్యాంటు వేసుకుని ఆఫీసుకి వెళ్లేవాళ్లని చూసి ఇంట్లో ఏ కుక్కుందో చెప్పొచ్చు. షిట్జూకి జుట్టు రాలడం తక్కువ. అందుకని ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది నిశ్చింత అని అమ్మేవాళ్లు చెబుతారు, అది నమ్మొద్దు. అలర్జీ తెచ్చేది కుక్క ఉమ్మిలో, చర్మపు పొట్టులో ఉంటుంది, అది లేని జాతి లేదు.

పగ్‌కీ రోజూ ఓ పని ఉంది. ముక్కు మీది మడతలో తేమ చేరి కుళ్లు వాసన వస్తుంది, అక్కడ తుడిచి పొడిగా ఉంచాలి. రెండు నిమిషాల పని.

ఇలా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేల్చుకోవడం కష్టమనిపించదు. షిట్జూ సమస్య మన చేతిలో ఉంది, పగ్ సమస్య దాని పుర్రెలో ఉంది. చిక్కు పడితే దువ్వుతాం, ఓపిక లేకపోతే డబ్బిచ్చి కత్తిరింపిస్తాం. ఊపిరి అందని కుక్కకి ముక్కుపుటాలు వెడల్పు చేసే ఆపరేషను, అంగిలి కండ కత్తిరించే ఆపరేషను ఉన్నాయి గానీ అవి ఉపశమనమే. కొత్తగా పిల్లని కొనేవాళ్లు, మన ఎండల్లో, ఈ రెండింటిలో ఒకటే అంటే నేను షిట్జూ అంటాను.

స్వభావం అనే తూకం

పగ్ అభిమానులు ఇక్కడ నా మీద విరుచుకుపడతారని తెలుసు. వాళ్ల వాదనలో బలం ఉంది. పగ్‌లాంటి నవ్వులమారి ఇంకోటి లేదు. వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, బాత్రూముకి వెళితే తలుపు దాకా వస్తుంది. ఆ ప్రకటనలో చూపించింది అబద్ధమేమీ కాదు. పిల్లలు కాస్త మోటుగా ఆడినా ఓర్చుకుంటుంది. తిండి అంటే ప్రాణం కాబట్టి చిన్న ముక్క చూపించి ఏదైనా నేర్పొచ్చు. ఆ తిండే దాని కొంప ముంచుతుంది కూడా. పగ్ ఉండాల్సిన బరువు 6 నుంచి 8 కిలోలు. నాన్నగారు టీతో రెండు బిస్కెట్లు, అమ్మగారు ఇడ్లీ ముక్క, పనమ్మాయి ఓ చపాతీ, ఎవరికి వాళ్లు 'నేను కొంచెమే కదా పెట్టింది' అనుకుంటే ఏడాది తిరిగేసరికి 11 కిలోలవుతుంది. ఒంట్లో పేరుకున్న కొవ్వు గొంతు దగ్గర కూడా చేరుతుంది. అసలే ఇరుకు దారి.

షిట్జూ నిదానస్తురాలు. కొత్తవాళ్లతో, పిల్లులతో, పక్కింటి కుక్కతో కూడా పేచీ పెట్టుకోదు. కానీ మొండి. ఒంటికీ రెంటికీ బయటికెళ్లాలని నేర్పడానికి నెలలు పడుతుంది. నేర్చుకున్నాక కూడా వానపడితే కాలు బయట పెట్టదు, పరుపు వారగా పని కానిచ్చేస్తుంది. కోపగించుకుంటే మొహం తిప్పుకుని కూర్చుంటుంది. తిండి దగ్గర వంకలెక్కువ.

రెండింటికీ కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, గుంటలు లోతు తక్కువ. మెడకి పట్టీ వేసి గట్టిగా లాగినా, పెద్ద కుక్క తల కొరికినా కనుగుడ్డు బయటికొచ్చేసే ప్రమాదం ఉంది. కాబట్టి రెండింటికీ ఛాతీకి వేసే హార్నెస్సే. రెండూ ఒంటరిగా ఉండలేవు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్న తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంటికి ఈ రెండూ వద్దు. ఆ ఇంటికి ఏ కుక్కా వద్దు, అక్వేరియం పెట్టుకోండి.

మన తిండి గురించి ఓ మాట. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచే ఇళ్లు చాలా ఉన్నాయి. పెరుగన్నం తప్పు కాదు, అదొక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. మాంసం వండని ఇళ్లు గుడ్డుతో అయినా రాజీ పడాలి, లేదా డాక్టరుని అడిగి మంచి ప్యాకెట్ ఆహారం పెట్టాలి. కూరలో మిగిలిన ఉల్లిపాయ, పాయసంలోంచి ఏరిన కిస్మిస్, పిల్లల చాక్లెట్ ఈ మూడూ కుక్కకి విషమే. అయిదారు కిలోల కుక్కకి కొంచెమైనా ఎక్కువే.

కొడుకో కూతురో డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటే, ఇక్కడ అమ్మానాన్నలకి తోడుగా ఉంటుందని సెలవులకొచ్చినప్పుడు ఓ కుక్కపిల్లని కొనిచ్చి వెళ్లడం ఈ మధ్య పెరిగింది. ప్రేమతో చేసేదే. కానీ వంగి దువ్వడానికి అమ్మ మోకాళ్లు సహకరిస్తాయా, కాళ్లకి అడ్డంపడే పగ్‌ని తప్పించుకోవడానికి నాన్న నడకలో ఆ నిలకడ ఉందా, అర్ధరాత్రి దానికి ఒంట్లో బాగోలేకపోతే ఆసుపత్రికి ఎవరు తీసుకెళతారు? అలాంటి ఇంటికి పిల్ల కంటే నాలుగైదేళ్లు నిండి, అలవాట్లన్నీ కుదురుకున్న పెద్ద కుక్క నయం. పెంచలేక వదిలేసిన పగ్‌లు, షిట్జూలు దత్తతకి దొరుకుతూనే ఉంటాయి. పగ్ మీదే మనసు పోయినవాళ్లకి కూడా నేను చెప్పేది ఇదే. కొత్తగా పుట్టించిన పిల్లని కొనొద్దు, దిక్కులేని పగ్‌ని తెచ్చుకోండి. మే నెలలో ఏసీ గది దానిదనుకోండి.

పిల్లలే ఆ కుక్కని తర్వాత అమెరికా తీసుకెళదామనుకుంటే ముందే లెక్క చూసుకోవాలి. కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం. 2024 ఆగస్టు నుంచి అక్కడి నిబంధనలు బిగిశాయి. ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ టీకా కాగితాలు పక్కాగా ఉండాలి. దానికి తోడు పొట్టి మూతి కుక్కల్ని సామాన్ల అరలో తీసుకెళ్లడానికి చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు. కారణం చెప్పక్కర్లేదు, ఊపిరే.

అమ్మేవాళ్ల దగ్గర

2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కుక్కల్ని పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నెలా పదిరోజుల పిల్లని 'చిన్నప్పుడే తీసుకెళితే బాగా అలవాటవుతుందండీ' అని చేతిలో పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. తల్లి దగ్గర ఉండాల్సిన రోజులవి. పార్వో వైరస్ సోకేదీ ఎక్కువగా ఆ వయసులోనే. 'టీకప్ షిట్జూ', 'ఇంపీరియల్ షిట్జూ' అని వేరే రకాలేమీ లేవు. ఎదుగుదల తక్కువున్న పిల్లలకి ఎక్కువ ధర పలికించడానికి పెట్టిన పేర్లవి. కెన్నెల్ క్లబ్ కాగితాలు ఉంటే వంశం తెలుస్తుంది, ఆరోగ్యం తెలియదు.

కొన్నాక, పిల్లకి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆపైన ఏటేటా. గడప దాటని కుక్కకి ఎందుకనకండి. జీహెచ్ఎంసీ పరిధిలో లైసెన్సు తీసుకోవాలి. అపార్టుమెంటు సంఘం వాళ్లు 'కుక్కలకి వీల్లేదు' అని తీర్మానం చేశారా? ఆ అధికారం సంఘాలకి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టం చేసింది. లిఫ్టులో పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా చూసుకోవడం, రోడ్డు మీద అది చేసిన దాన్ని మనమే ఎత్తడం మాత్రం మన బాధ్యత. ప్రైవేటు క్లినిక్కుల బిల్లులు మోయలేనివాళ్లు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల వైపు చూడొచ్చు.

ఇక పిల్లని చూడ్డానికి వెళ్లినప్పుడు మొహం ఆఖర్న చూడండి. ముందు పక్కనుంచి చూడండి, ముక్కు కళ్ల గీత కంటే కాస్తయినా ముందుకి ఉందా? పుటాలు తెరుచుకుని ఉన్నాయా, గీతల్లా మూసుకున్నాయా? తర్వాత తల్లిని చూపించమనండి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో మొదలుపెట్టిన పరీక్ష ఒకటుంది. డాక్టరు స్టెతస్కోపుతో కుక్క ఊపిరి విని, మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి, మళ్లీ వింటాడు. ఏడాది నిండిన కుక్కకే ఆ పరీక్ష పనికొస్తుంది. కాబట్టి మీరు కొనే పిల్ల మీద చేయలేరు, దాని తల్లి మీద చేయొచ్చు. స్టెతస్కోపు లేకపోయినా ఫరవాలేదు, చెవులున్నాయి కదా. చల్లటి పూట చూసి తల్లిని ఆ వీధి చివరిదాకా నడిపించి తీసుకురమ్మనండి. తిరిగొచ్చాక గుర్రుగుర్రుమంటూ కూలబడితే ఆ ఇంట్లో పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. "తల్లి మా దగ్గర లేదండీ, బెంగళూరు నుంచి తెప్పించాం" అంటే అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని లేచి రండి.